కొద్దిగా నీళ్ళు మిగలడం సహజం

మీరు మిక్సీ కొన్నా, ఇస్త్రీపెట్టె కొన్నా, అట్టపెట్టె విప్పగానే అడుగున ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దాన్ని మీరు వంటింట్లో ఏ మూలనో పారేస్తారు, లేకపోతే దాని మీద వేడి పాలగిన్నె దించుతారు. ఆ పుస్తకాలు రాసేది మా ఆయనే. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు "అబ్బాయి రచయిత" అన్నారని మా నాన్న మురిసిపోయి పిల్లనిచ్చాడు. ఏం రాస్తాడో పెళ్ళయ్యాక గానీ తెలియలేదు.

ఆయన రాసింది లోకంలో ఎవరూ చదవరు. నేనూ చదవలేదు. ఆయనకి ఆ బాధ లేనే లేదు. మనిషి ఎప్పుడూ నిమ్మకు నీరెత్తినట్టుంటారు. ఇంట్లో ఏం జరిగినా కుర్చీలోంచి కదలకుండా ఒకే మాట అంటారు: "అది సహజం. లోపం కాదు." ఫ్రిజ్ గురక పెడుతోందంటే సహజం. గోడ చెమ్మగిల్లిందంటే సహజం. మా అమ్మాయికి మూడేళ్ళొచ్చినా మాటలు రాలేదని నేను ఏడిస్తే, అదీ సహజమే. ఆ తర్వాత అది మొదలుపెట్టిన మాటలు పెళ్ళై వేరే ఊరెళ్ళినా ఫోనులో ఆగడం లేదు కాబట్టి, ఆ ఒక్క విషయంలో ఆయనే నెగ్గారనుకోండి.

ఆ మధ్య నా కుడిచేతి బొటనవేలు పొద్దున లేచేసరికి వంగి బిగుసుకుపోవడం మొదలైంది. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకునేది, ప్రాణం జివ్వుమనేది. "ఏమండీ, ఈ వేలు చూడండి" అంటే పేపర్లోంచి తల తిప్పకుండా, "ఈ వయసులో సహజం" అన్నారు. వేలి నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పెట్టింది. నాకు నగలొద్దు, షికార్లొద్దు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేను చెప్పింది విని ఆయన లేచి వచ్చి చూడాలి. నా కోరికల్లా అదే. అది తీరకుండానే పోతానేమోనని భయం కూడా పట్టుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బట్టలుతికే మెషిన్ సొరుగులో నీళ్ళు నిలవడం మొదలైంది.

సొరుగంటే సబ్బుపొడి వేసేది. అందులో మూడు గదులుంటాయి. రెండు పొడికి, చివరి చిన్న గది నీలం మందుకి. బట్టలు మెత్తగా, వాసనగా రావడానికి పోస్తామే, అది. ఉతకడం అయిపోయి సొరుగు లాగితే ఆ చిన్న గదిలో అంచుదాకా నీళ్ళు, నీలంగా, జిగటగా. లాగిన ప్రతిసారీ నా కాళ్ళ మీద ఒలికేవి. బట్టలకి మాత్రం వాసనా లేదు, మెత్తదనమూ లేదు.

మా అత్తగారు మాత్రం సంతోషించారు. ఆ నీళ్ళు గిన్నెలోకి వంపుకుని వెళ్ళి వరండాలో ఉన్న తన మొక్కకి పోసేవారు. ఏ మొక్కో ఎవరికీ తెలియదు, ఆవిడకీ తెలియదు. ఆ నీళ్ళకి అది విరగబడి పెరిగింది, దగ్గరికెళితే ఉతికిన దుప్పటి వాసన వేసేది.

"మెషిన్‌ని ఏమీ అనకమ్మాయ్" అన్నారు నాతో. "మీ మామగారూ అంతే. ఏం తాగినా గ్లాసులో ఓ గుక్క మిగిల్చేవారు. కొందరి తత్వం."

"మామగారి గ్లాసు నా కాళ్ళ మీద ఒలకలేదు కదత్తయ్యా" అన్నాను.

తడి కాళ్ళతోనే హాల్లోకి వెళ్ళి మా ఆయన ముందు నిలబడ్డాను. "సొరుగులో నీళ్ళు నిలుస్తున్నాయండీ."

ఆయన పేపరు దించలేదు. "సొరుగులో కొద్దిగా నీళ్ళు మిగలడం సహజం. అది లోపం కాదు."

ఎప్పటి మాటే, కానీ ఈసారి అచ్చులో ఉన్నట్టు నిండుగా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. "మీకెలా తెలుసు?"

"పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసిందెవరు?"

"నేనే."

"మరి మీకెవరు చెప్పారు?"

పేపరు దిగింది. ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడని రంగొకటి కనిపించింది.

చాలాసేపు నీళ్ళు నమిలాక అసలు సంగతి బయటపెట్టారు. ఆ పుస్తకాలు నాలుగేసి పేజీల చొప్పున అచ్చవుతాయట. పెద్ద కాగితం మడిస్తే నాలుగు పేజీలు, అంతకు తక్కువ కుదరదు. ఈ మెషిన్ పుస్తకానికి చివరి పేజీ కింద కాస్త జాగా మిగిలిపోయింది. అచ్చువేసేవాళ్ళు తొందరపెడుతున్నారు. ఖాళీగా వదిలేస్తే చూడటానికి బావుండదని ఏదో ఒక వాక్యం రాసి నింపారట.

"మెషిన్ చూసి రాశారా?"

"నాకు మెషిన్ ఎవరు చూపించారు? బొమ్మ పంపిస్తారు."

"ఆ మెషినే కదండీ మనింట్లో ఉంది!"

"ఏ గదిలో?" అన్నారు.

నేను కుర్చీలో కూలబడ్డాను. కానీ ఆయన లేచారు. అవును, లేచారు. వచ్చి, మెషిన్ ముందు వంగి, సొరుగు లాగి, ఆ నీలం నీళ్ళని కన్నార్పకుండా చూశారు. "ఎన్ని ఇళ్ళల్లో..." అని గొణుక్కుంటున్నారు. "ఎన్ని ఇళ్ళల్లో ఇలా నిలిచిపోయి ఉంటాయో. నేను సహజమన్నానని ఎంతమంది ఊరుకున్నారో."

నిజం చెబుతున్నాను, నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. వేలు చూడమంటే లేవని మనిషి మెషిన్ కోసం లేచాడు. పెళ్ళాం మీద లేని జాలి డబ్బా మీద! సవతి కూడా మనిషైతే తలపడొచ్చు గానీ దీంతో ఏం తలపడను?

మర్నాడు ఆయన నా ఫోన్ తీసుకుని, ఎవరో కొన్నవాడిలా, తమ కంపెనీ ఫిర్యాదుల నంబరుకే ఫోన్ చేశారు. అటు వైపు ఒక అమ్మాయి ఎత్తింది. నాకూ వినపడాలని స్పీకర్ పెట్టించాను.

"సొరుగులో నీళ్ళు నిలుస్తున్నాయమ్మా" అన్నారు.

కాగితాలు తిప్పిన చప్పుడైంది. "సొరుగులో కొద్దిగా నీళ్ళు మిగలడం సహజమండీ. అది లోపం కాదు."

అప్పుడు మీరు ఆయన ముఖం చూడాలి. ఎన్నో ఏళ్ళుగా అందరి చెవుల్లో పోసిన మాట తన చెవిలో పడటం ఆయనకి అదే మొదటిసారి.

"అలాగని ఎవరన్నారమ్మా?"

"పుస్తకంలో ఉందండీ."

"పుస్తకంలో ఉన్నంత మాత్రాన నిజమైపోతుందా?"

"అచ్చులో ఉందండీ" అందా అమ్మాయి, ఇంకేం కావాలన్నట్టు.

"సరే. కొద్దిగా అంటే ఎంత?"

మళ్ళీ కాగితాలు తిరిగాయి. "లైన్లో ఉండండి సార్, మా పెద్దవాళ్ళని కనుక్కుని చెబుతాను." నా ఫోన్లో సంగీతం మొదలైంది. కాసేపటికి మా ఆయన చొక్కాజేబులో ఆయన సొంత ఫోన్ మోగింది. తీస్తే ఆఫీసులో ఇంజినీరు, నాకూ వినపడేంత గొంతుతో.

"సార్, ఎవరో కస్టమర్ ఫోన్ చేసి, సొరుగులో కొద్దిగా నీళ్ళంటే ఎంత అని పీడిస్తున్నాడు సార్. పుస్తకం రాసింది మీరు కదా, ఏం చెప్పమంటారు?"

మా ఆయన ఒక చేతిలో నా ఫోన్, ఇంకో చేతిలో తన ఫోన్ పట్టుకుని కొయ్యబారిపోయారు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"కనుక్కుని చెబుతానని చెప్పండి" అన్నారు చివరికి.

నా ఫోన్లో సంగీతం ఆగింది. "సార్, కనుక్కుని చెబుతారట సార్" అంది అమ్మాయి.

"థాంక్సమ్మా" అని రెండు ఫోన్లూ పెట్టేశారు. ఇక తను తప్ప ఈ భూమ్మీద అడగడానికి ఇంకెవరూ లేరని ఆయనకి ఆ క్షణాన అర్థమైంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వైద్యం మొదలైంది. మొదట మెషిన్ ఒరిగి ఉందేమోనని అనుమానించారు. తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, మెషిన్ నెత్తిన పెట్టి, లోపల బుడగ మధ్యకి వచ్చేదాకా ఒక కాలి కింద అట్టముక్కలు దూర్చారు. బుడగ మధ్యకి వచ్చింది. మెషిన్‌కి మాత్రం ఆ అట్టముక్కలు నచ్చలేదు. నీళ్ళు పిండే సమయానికి గిర్రున తిరుగుతూ, దడదడలాడుతూ, అది బయల్దేరి నడిచింది. నడిచి నడిచి స్నానాలగది తలుపుకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. లోపల మా అత్తగారున్నారు.

"ఒరేయ్, ఇది నన్ను బయటికి రానివ్వడం లేదురా!"

"అమ్మా, అది సహ..." అని మా ఆయన నోరు మూసుకున్నారు. అంతవరకూ వచ్చి ఆ మాట మధ్యలో ఆగడం నేను మొదటిసారి విన్నాను. ఇద్దరం కలిసి మెషిన్‌ని వెనక్కి లాగాం. అత్తగారు తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "వయసులో మీ నాన్న కూడా ఇంత ధైర్యం చేయలేదు" అని మెషిన్ వైపు చూసి వెళ్ళిపోయారు.

తర్వాత సబ్బుపొడి ఎక్కువవుతోందేమోనని తగ్గించారు. తగ్గిస్తే బట్టలు ఎలా వెళ్ళినవి అలాగే తిరిగొచ్చాయి. కుళాయి వేగం చాలడం లేదేమోనని పూర్తిగా తిప్పారు. సొరుగులో నీళ్ళు ఎక్కడివక్కడే, వాటికి చీమ కుట్టినట్టు కూడా లేదు. మా ఆయన తిండి మానేశారు. "మూడు పుస్తకాలైనా నిజాలు రాశానో లేదో" అంటూ పాత పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చునేవారు. ఇస్త్రీపెట్టె పుస్తకంలో ఒక వాక్యం చూపించి, "ఇదెక్కణ్ణుంచి వచ్చిందో నాకు గుర్తులేదే" అంటూ ఆ పేజీని వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు. నవ్వొచ్చే సంగతే గానీ నాకు నవ్వు రాలేదు. పని తప్ప ఏమీ ఎరగని మనిషికి ఆ పనే అబద్ధమని తేలితే ఇంకేం మిగులుతుంది?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట ఓడిపోయి ఈయన రచ్చకెక్కారు. మా భవనంలో ఒక్కో తలుపూ తట్టి, "ఒకసారి మీ సొరుగు చూడొచ్చా?" అని అడగడం మొదలుపెట్టారు. ఒకరు తలుపు వేసుకున్నారు. ఇంకొకరు బీరువా సొరుగనుకుని పోలీసుల్ని పిలుస్తానన్నారు. పై అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరమ్మ ఒక్కతే ఓపిగ్గా మొత్తం విని, "మీదే చూద్దాం పదండి అంకుల్" అని సంచి తీసుకుని దిగివచ్చింది.

వచ్చి, స్టూలు వేసుకుని మెషిన్ ముందు కూర్చుంది. నోటికి గుడ్డ కట్టుకుంది. తలకి లైటు తగిలించుకుంది.

"తెరవండి. ఇంకొంచెం. ఆ... చాలు."

మా ఆయన సొరుగు లాగి పట్టుకున్నారు. పళ్ళ వెనక్కి పెట్టి చూసే చిన్న అద్దం ఆ నీలం గదిలో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎన్నాళ్ళయింది అంకుల్ శుభ్రం చేసి?"

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

"అందరూ ఇంతే" అంది డాక్టరమ్మ, ఏం మాట్లాడకుండానే జవాబు దొరికిపోయినట్టు. "ఇక్కడ చూడండి, ఎంత పాచి పేరుకుందో."

ఆ చిన్న గది మధ్యలో మునివేలంత మూత ఒకటుంది. ఇన్నాళ్ళూ నేను దాన్ని సొరుగులో భాగమే అనుకున్నాను. ఆవిడ దాన్ని పట్టుకారుతో పుటుక్కున ఊడబీకింది. పీకేముందు అలవాటు కొద్దీ "కొంచెం నొప్పి తెలుస్తుంది" అని కూడా అంది. దాని లోపల, అది కూర్చునే సన్నటి గొట్టం చుట్టూ, నీలం మందు గడ్డకట్టి చీమిడిలా పట్టేసింది. వేడినీళ్ళు తెప్పించుకుని, పళ్ళ సందుల్లో తోమే బుల్లి బ్రష్షుతో తోమి, మూత మళ్ళీ బిగించింది.

"ఈ పూటకి దీనికి గట్టి పదార్థాలేమీ..." అని, తను ఎక్కడుందో గుర్తొచ్చి ఆపేసింది. "అంటే, మందు చిక్కగా పోయకండి ఆంటీ. కాసిని నీళ్ళు కలిపి పోయండి. గదిలో ఉన్న గుర్తు గీత దాటనివ్వకండి."

ఆవిడ వెళ్ళాక ఒక విడత బట్టలు వేశాం. అయ్యాక సొరుగు లాగితే, గది అడుగున ఒక చెంచాడు నీళ్ళున్నాయి. అంతే. నా కాళ్ళు పొడిగా ఉన్నాయి. బట్టలకి వాసనొచ్చింది. నేను దండం పెట్టేసి నా పనిలో పడబోయాను గానీ మా ఆయన కదల్లేదు.

"ఈ చెంచాడెందుకు మిగిలింది?" అన్నారు.

మెషిన్ ఆపేసి, సొరుగు ఊడదీసి, ఖాళీ బకెట్ మీద పెట్టుకుని, గ్లాసుతో ఆ చిన్న గదిలోకి నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. టార్చి వేసి చూస్తూ పోస్తున్నారు. నీళ్ళు మెల్లగా పైకొచ్చి, మూత లోపలి గొట్టం అంచు దాటగానే, ఎవరో కింద నోరుపెట్టి పీల్చినట్టు బుడుంగుమని మొత్తం జారిపోయాయి. చివర్లో కాస్త గాలి దూరి గుర్రుమంది. పీల్చడం ఆగిపోయింది. అడుగున చెంచాడు మిగిలింది. మళ్ళీ పోశారు. మళ్ళీ చెంచాడు. నన్ను పిలిచారు, వాళ్ళమ్మని పిలిచారు. ముగ్గురం బకెట్ చుట్టూ కూర్చుని, గ్లాసు మీద గ్లాసు పోస్తూ ఆ మధ్యాహ్నమంతా గడిపాం. ఆయన పక్కన అంతసేపు కూర్చోవడం ఎప్పుడు జరిగిందో నాకు గుర్తురాలేదు. మనసులో మాట చెప్పాలంటే, బావుంది.

"చూశారా" అన్నారు అత్తగారు. "గుక్క మిగుల్చుకుంటుందని నేనన్నానా లేదా?"

"అయితే మీరు రాసింది నిజమే కదండీ" అన్నాను. "ఇంకెందుకు ఆ ముఖం?"

"నిజమేనే. కానీ గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాను. చూసి రాసిన నిజం కాదది." గ్లాసు మళ్ళీ నింపారు. "పైగా నిండా నిలిచిన నీళ్ళకి కూడా అదే మాట చెప్పాను. చెంచాడుకీ చెరువుకీ ఒకటే మాట చెప్పేవాడు ఇంకేం చూశాడు?"

కొత్త వాక్యం రాశారు. ఆఫీసుకి పంపిస్తే అది పాతదాని కంటే పొడుగుందని, చివరి పేజీలో పట్టదని అన్నారు. పట్టించాలంటే ఇంకో నాలుగు పేజీలు కలపాలి. కలిపితే మిగతా జాగా మీరే ఏదో ఒకటి రాసి నింపాలి అన్నారు. "ఏదో ఒకటి ఇక నేను రాయను" అన్నారీయన. పెద్ద గొడవే అయింది. చివరికి కలిపిన నాలుగు పేజీల్లో పైన ఆ ఒక్క వాక్యం, మిగతాదంతా తెల్లగా పుస్తకం అచ్చయి వచ్చింది. ఆ తెల్ల పేజీలేమిటని జనం ఫోన్లు చేస్తే ఆ అమ్మాయి, "అది సహజమండీ" అని చెబుతోందట.

కొత్త పుస్తకం ఆయన ఇంటికి తెచ్చిన రోజు నా చేతికిచ్చారు. కాపురానికొచ్చాక ఆయన రాసింది నేను చదవడం అదే మొదలు. "సొరుగులో ఒక చెంచాడు నీళ్ళు మిగలడం సహజం. అంతకంటే ఎక్కువుంటే, దయచేసి లేచి వెళ్ళి చూడండి" అని ఉంది.

చదివి పుస్తకం బల్ల మీద పెట్టాను. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు తెరిచారు. ఊరందరికీ లేచి వెళ్ళి చూడమని చెప్పి తను మాత్రం కూర్చున్నాడు, చెప్పేటందుకే నీతులు అనుకుంటూ బట్టలు తీయడానికి వెళ్ళాను. దుప్పటి తీశాక, నీళ్ళెన్ని మిగిలాయో చూద్దామని సొరుగు పిడిలో కుడిచేతి వేళ్ళు పెట్టి లాగబోయాను. పొద్దుటి నుంచీ నొప్పిగా ఉన్న బొటనవేలు టక్కుమని వంగి, ఆ పిడిలోనే బిగుసుకుపోయింది. వేలు రాదు, సొరుగు రాదు. ఎడమచేతిలో తడి దుప్పటి. పిలవబుద్ధి కాలేదు. పిలిస్తే ఏమంటారో నాకు తెలుసు. అలాగే నిలబడ్డాను.

"కాఫీ ఇస్తావా?" హాల్లోంచి గొంతు.

"రాలేను. వేలు బిగుసుకుపోయింది."

"అది స..."

ఆగిపోయింది. పేపరు మడిచిన చప్పుడైంది. తర్వాత కుర్చీ కిర్రుమంది. ఆ కిర్రు కోసం నేనెన్నేళ్ళు కాచుక్కూర్చున్నానో ఆ కుర్చీకేం తెలుసు.

టార్చి పట్టుకుని వచ్చారు. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. వేలి మీద లైటు వేసి, అద్దాలు నుదుటి మీదికి తోసి, దగ్గరగా వంగి చూశారు. నెమ్మదిగా పిడిలోంచి విడిపించి, అరచేతిలో పెట్టుకున్నారు. వేలి మొదట్లో శనగగింజంత గట్టిగా ఉన్నచోట తడిమారు.

"ఇక్కడేనా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"చెప్పాను కదా అప్పుడు."

"నేనేమన్నాను?"

"ఈ వయసులో సహజమన్నారు."

"చూసి అన్నానా?"

"పేపరు చూస్తూ అన్నారు."

ఆయన తల వంచుకున్నారు. మళ్ళీ ఒకసారి వేలు మెల్లగా వంచి, టక్కుమన్న చోట ఆపి, నా ముఖంలో నొప్పి చూశారు.

"ఇది సహజం కాదు" అన్నారు. "లోపమే."

పెళ్ళాంలో లోపం ఉందని మొగుడంటే ఏ ఇంట్లోనైనా ఆ పూట పొయ్యి వెలగదు. నేను మాత్రం తడి దుప్పటి ముఖానికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాను.

"అంత నొప్పిగా ఉందా?" కంగారుపడ్డారు.

"నొప్పి కాదు."

"మరి?"

"లేచి వచ్చి చూశారు కదా, అందుకు."

ఆయన తడబడుతూ లేచి, "చెప్పులేసుకో. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్దాం. కాఫీ సంగతి తర్వాత" అన్నారు.

వరండాలోంచి అత్తగారు కేకేశారు. "ఒరేయ్, వెళ్ళేముందు ఆ సొరుగులో నీళ్ళు నా మొక్కకి పోసి వెళ్ళు."

"చెంచాడే ఉన్నాయమ్మా."

"చూసే అంటున్నావా?"

ఆయన వెనక్కి వెళ్ళి సొరుగు ఊడదీసి చూశారు. రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా మెల్లగా నడుస్తూ మొక్క దగ్గరికి తీసుకెళ్ళారు. నేను గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడ్డాను.